అతుకులో 66 వాట్లు: ఒక గీజరు ఫిర్యాదు వెనక దొరికిన లెక్క

పదో తరగతిలో నాకు భౌతికశాస్త్రం చెప్పిన మాస్టారు కిందటి ఏడాది డిసెంబరులో ఫోన్ చేశారు. "ఆషాఢంలో తగ్గింపు ధరకు వచ్చిందని గీజరు కొన్నాం నాయనా. అప్పుడు బాగానే ఉంది. చలి మొదలయ్యాక నీళ్లు వేడెక్కడం లేదు. మెకానిక్ వచ్చి ఎలిమెంటు మార్చాడు, తేడా లేదు. ఊళ్లో వోల్టేజీ తక్కువ, స్టెబిలైజరు పెట్టుకోండి అంటున్నాడు. డబ్బు కట్టేముందు నువ్వొకసారి చూసి చెప్పు" అన్నారు.

వైరింగు పనిలో నాకు ఇరవై ఏళ్లు దాటింది. ఇలాంటి ఫిర్యాదులు ప్రతి చలికాలం వస్తాయి. చాలావాటిలో గీజరులోనో థర్మోస్టాట్‌లోనో తేలిపోతుంది. ఇది అలా తేలలేదు. కొలిచే రెండు మీటర్లు, ఒక భాగహారం, ఒక గుణకారంతో నిప్పు అంటుకోబోయే చోటు దొరికింది. అందుకే అంకెలతో సహా పూర్తిగా రాస్తున్నాను. ఐటీఐ పిల్లలకు, కొత్తగా పనిలోకి వచ్చిన వైర్‌మెన్‌కు ఇది పనికొస్తుంది. ఇందులోని కొలతలు కరెంటు ఉండగా తీసినవి. శిక్షణ లేనివాళ్లు వీటి జోలికి వెళ్లకూడదు.

వెళ్లేముందు ఫోన్లోనే రెండు ప్రశ్నలు అడిగాను. గీజరు వేసినప్పుడు లైట్లు మసకబారుతున్నాయా? బారుతున్నాయన్నారు. పెరటి గదుల్లో ట్యూబులైటు వణుకుతోందట, వంటింట్లో ఫ్యాను నెమ్మదిస్తోందట. మరి ముందు హాల్లో? మాస్టారు గీజరు వేయించి, హాల్లో నిలబడి చూసి చెప్పారు. అక్కడ ఏ మార్పూ లేదు.

ఈ ఒక్క సమాధానంతో సగం దారి తెలిసిపోయింది. లోపం స్తంభం వైపు, అక్కడి నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు వైపు ఉంటే హాలు లైటు కూడా మసకబారాలి. హాలుకు కరెంటు మీటరు పక్కన ఉన్న బోర్డు నుంచే వెళుతుంది. పెరటి గదులకు అక్కడి నుంచి వేరే వైరు పోతుంది. కాబట్టి ఊరి వోల్టేజీకి దీనితో పెద్దగా సంబంధం లేదు.

ఎలిమెంటు తప్పు లేదు

గీజరు మీద 230 వోల్టులు, 3000 వాట్లు అని ఉంది. ఈ రెండు అంకెల నుంచి లోపల నీళ్లను వేడి చేసే ఎలిమెంటు నిరోధం ఎంత ఉండాలో చెప్పవచ్చు. వోల్టేజీ వర్గాన్ని వాట్లతో భాగించాలి. 230 × 230 = 52,900. దాన్ని 3000తో భాగిస్తే 17.6 ఓమ్‌లు.

మెయిన్ ఆపి, గీజరు వైర్లు విప్పి, మల్టీమీటరుతో కొలిచాను. 18.0 చూపింది. మీటరు మొనలు రెండూ ఒకదానికొకటి ఆనిస్తే 0.2 చూపించింది. అది మీటరు తీగల సొంత నిరోధం. తీసేస్తే ఎలిమెంటుది 17.8. ఎలిమెంట్ల తయారీలో ఆ మాత్రం తేడా మామూలే. ఎలిమెంటు బాగుంది.

మాస్టారు ఏదీ పారేసే మనిషి కాదు. మెకానిక్ తీసేసిన పాత ఎలిమెంటు అటక మీద భద్రంగా ఉంది. దాన్నీ కొలిచాను, 17.9 ఓమ్‌లు. అది కూడా బాగానే ఉంది. మీటరు ఒక్కసారి ఆనించి ఉంటే ఆ మార్పిడి ఖర్చు తప్పేది. పెన్షన్ మీద బతికే ఇంట్లో ఆ డబ్బు చిన్నదేమీ కాదు, నాకు నిజంగా బాధ కలిగింది.

తరువాత గీజరు మళ్లీ కలిపి, అది నడుస్తుండగా కొలతలు తీశాను. కరెంటుకు క్లాంప్ మీటరు వాడాను, అది వైరును తెంపకుండా చుట్టూ పట్టి కొలుస్తుంది. దాని దవడల మధ్య కరెంటు తెచ్చే ఫేజ్ వైరు ఒక్కటే ఉండాలి. మూడు వైర్ల కార్డు మొత్తాన్ని పట్టిస్తే వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి చెరిపేసుకుని మీటరు సున్నా చూపుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. స్విచ్‌బోర్డు విప్పి ఫేజ్ వైరును విడిగా పట్టాను.

గీజరు ఆపి ఉంటే దాని పాయింటు దగ్గర 231 వోల్టులు. గీజరు వేయగానే 208. కరెంటు 11.7 ఆంపియర్లు.

మొదటి విడతలో వచ్చిన అంకెలు నమ్మదగ్గవి కావు. గీజరు ఆపి ఉన్నప్పటి ఖాళీ వోల్టేజీ చూసి, అయిదు నిమిషాలు వేరే పని చేసి, ఆ తరువాత గీజరు నడుస్తున్నప్పటి లోడు వోల్టేజీ చూశాను. ఈ మధ్యలో ఊళ్లో పిండిమర మొదలై సరఫరాయే నాలుగు వోల్టులు దిగింది. ఆ తేడా కూడా ఈ ఇంటి ఖాతాలో పడింది. అందుకని ఇంట్లో మిగతా లోడంతా ఆపించి, గీజరును వేసి, ఆపి, మళ్లీ వేసి, మూడుసార్లు వెంటవెంటనే చదివాను. మూడుసార్లూ 231, 208 వచ్చాకే కాగితం మీద రాశాను.

208ని 11.7తో భాగిస్తే 17.78 ఓమ్‌లు. కరెంటు లేనప్పుడు మీటరు చూపిన 17.8, కరెంటు పారుతున్నప్పుడు భాగహారం చెప్పిన 17.78 ఒకటే. రెండు వేర్వేరు దారుల్లో ఒకే అంకె వచ్చిందంటే రెండు మీటర్లనూ నమ్మవచ్చు, ఎలిమెంటునూ నమ్మవచ్చు.

మాస్టారు క్యాలెండరు వెనకవైపు లెక్క వేస్తున్నారు. 208 × 11.7 = 2434 వాట్లు. "మూడువేలు తాగవలసింది 2434 తాగుతోంది. వందకు 81 పాళ్లు" అన్నారు. వోల్టేజీ పదో వంతు తగ్గితే వేడి దాదాపు అయిదో వంతు తగ్గుతుంది, ఎందుకంటే వోల్టేజీ తగ్గినప్పుడు దాంతోపాటు కరెంటూ తగ్గుతుంది. ఈ మాట మా తరగతికి ఆయనే చెప్పారు.

అయితే నీళ్లు వేడెక్కకపోవడానికి ఇదే పూర్తి కారణం కాదు. ట్యాంకు నీళ్లలో థర్మామీటరు పెడితే 22 డిగ్రీలు చూపింది. స్నానానికి 40 డిగ్రీలు కావాలంటే 18 డిగ్రీలు పెంచాలి. ఆషాఢంలో ట్యాంకు నీళ్లు 28 డిగ్రీలు ఉన్నాయనుకుంటే 12 డిగ్రీలు పెంచితే సరిపోయేది. అంటే అదే గీజరుకు అదే బకెట్టు నింపడానికి ఇప్పుడు ఒకటిన్నర రెట్ల సమయం పడుతుంది. ఇంటివాళ్లకు తెలిసిన తేడాలో పెద్ద భాగం చలిదే. ఆ సంగతి అమ్మగారికి (మాస్టారి భార్యకు) దాచకుండా చెప్పాను. కానీ తగ్గిన ఆ 23 వోల్టులు ఎక్కడికి పోయాయన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే నేరుగా వాట్లు రావడం గీజరు, ఇస్త్రీపెట్టె, కాయిల్ స్టవ్వు లాంటి వేడి పరికరాల దగ్గరే. మోటారుకు ఆ లెక్క సరిపోదు. 230 వోల్టుల మీద 5 ఆంపియర్లు తీసుకునే పంపు 1150 వాట్లు తాగుతోందని రాసేస్తే తప్పు. దాని పవర్ ఫ్యాక్టర్, అంటే ఆ గుణకారంలో నిజంగా పనికి మారే వంతు, 0.8 అయితే నిజంగా తాగేది 920 వాట్లే. అందుకే ఇలాంటి వెతుకులాటకు నేను గీజరునే లోడుగా పెట్టుకుంటాను. అది ఎదురు తిరగని సాక్షి.

23 వోల్టుల చిరునామా

పోయిన వోల్టులకూ నిరోధం లెక్క కట్టవచ్చు. 23 ÷ 11.7 = 1.97 ఓమ్‌లు. స్తంభం నుంచి గీజరు దాకా ఉన్న దారి మొత్తం కలిపి దాదాపు రెండు ఓమ్‌ల నిరోధంలా ప్రవర్తిస్తోంది. అక్కడ వేడిగా మారుతున్న శక్తి 23 × 11.7 = 269 వాట్లు. నాలుగు ఫ్యాన్లు తాగేంత కరెంటు ఆ దారిలో ఎక్కడో వేడిగా కాలిపోతోంది.

దారిని మూడు ముక్కలు చేశాను. స్తంభం నుంచి మీటరు దాకా, మీటరు నుంచి పెరటి బోర్డు దాకా, అక్కడి నుంచి గీజరు దాకా. గీజరు నడుస్తుండగా మీటరు తరువాతి బోర్డులో 226 వోల్టులు, పెరటి బోర్డులో 211, గీజరు దగ్గర 208.

మొదటి ముక్కలో 5 వోల్టులు పోతున్నాయి. సర్వీసు వైరుకూ స్తంభాల మీది లైనుకూ కలిపి అది సహజమే. తక్కువ వోల్టేజీ సరఫరాలో 6 శాతం దాకా హెచ్చుతగ్గులు ఉండవచ్చని 1956 నాటి విద్యుత్ నిబంధనలు చెప్పాయి. 230కి ఆ లెక్కన 216 నుంచి 244 వరకు. లోడు మీద కూడా 226 ఉన్న సరఫరాను తప్పుపట్టడానికి ఏమీ లేదు. చివరి ముక్కలో 3 వోల్టులు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు పది మీటర్లు ఉంది, స్విచ్చు, సాకెట్టు కలుపుకుంటే అదీ సరైనదే.

మధ్య ముక్కలో 15 వోల్టులు పోతున్నాయి. 15 ÷ 11.7 = 1.28 ఓమ్‌లు.

ఆ వైరు పాత కాలపు అల్యూమినియం, 2.5 చదరపు మిల్లీమీటర్లు. మీటరు నుంచి పైకి వెళ్లి, పడమటి గోడ వెంట, సామాన్ల గది మీదుగా పెరటి బోర్డుకు చేరుతుంది. టేపు పెట్టి కొలిస్తే 32 మీటర్లు. ఫేజ్ ఒకటి, కరెంటును తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ ఒకటి, మొత్తం 64 మీటర్లు. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న అల్యూమినియం తీగకు నిరోధం 0.028 ఓమ్. ఈ ఒక్క అంకె ప్రతి వైర్‌మన్‌కు కంఠతా వచ్చి ఉండాలి. రాగికి 0.0172. 64ను 0.028తో గుణించి 2.5తో భాగిస్తే 0.72. వైరు లోడు మీద వేడెక్కితే నిరోధం కూడా పెరుగుతుంది. పాతిక డిగ్రీలు పెరిగితే పదో వంతు ఎక్కువ. ఆ లెక్కన 0.79. వైరు పుట్టుకతో ఉండవలసింది 0.79, మీటర్లు చెబుతున్నది 1.28. దాదాపు అర ఓమ్ అదనంగా ఉంది.

ఈ అర ఓమ్ వైరంతటా పరుచుకుని ఉందా, ఒక్కచోట కూర్చుని ఉందా అన్నదే అసలు ప్రశ్న. ఈ కేసులో నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. అర ఓమ్ అంటే చిన్నదో పెద్దదో చెప్పలేం. ఎంత చోటులో ఉందో తెలిస్తేనే అది నష్టమో ప్రమాదమో తెలుస్తుంది.

నాకంటే ముందు ఊళ్లో ఒక కుర్రాడు ఈ వైరును పరీక్షించాడట. మెయిన్ ఆపి మల్టీమీటరును బీప్ మీద పెట్టి రెండు కొసలకూ ఆనించాడు. బీప్ వచ్చింది, వైరు బాగుందన్నాడు. అతని తప్పు పెద్దదని నేను అనను, చాలామందికి నేర్పినదే అది. కానీ బీప్ చెప్పేది తెగలేదని మాత్రమే. పదుల ఓమ్‌ల నిరోధం ఉన్నా చాలా మీటర్లు బీప్‌మంటాయి. ఓమ్‌ల మీద పెట్టి చూసినా మీటరు తీగల 0.2 ఓమ్‌లో సగం సంగతి మునిగిపోతుంది. పైగా పరీక్షకు మీటరు పంపేది చాలా చిన్న కరెంటు. అర ఓమ్ లోపాన్ని నమ్మకంగా పట్టాలంటే అసలు కరెంటే పారాలి. 11.7 ఆంపియర్లు పారితే అర ఓమ్ అయిదారు వోల్టులై మీటరులో స్పష్టంగా కనిపిస్తుంది.

ఏ తీగలో ఉందో తెలుసుకోవడానికి ఒక పాత పద్ధతి వాడాను. నా సంచిలో నలభై మీటర్ల సన్నటి వైరు చుట్ట ఉంటుంది. దాని ఒక కొస మీటరు దగ్గరి న్యూట్రల్‌కు బిగించి, రెండో కొసను నేల మీదుగా పెరటి బోర్డుకు తెచ్చాను. ఇందులో కరెంటు పారదు కాబట్టి ఇందులో వోల్టేజీ పడదు. మీటరు దగ్గరి న్యూట్రల్‌ను ఉన్నది ఉన్నట్టుగా పెరట్లోకి మోసుకొచ్చినట్టే. దీనికీ పెరటి బోర్డు న్యూట్రల్‌కూ మధ్య మల్టీమీటరు పెట్టి గీజరు వేయించాను. 10.3 వోల్టులు. అదే పని ఫేజ్ వైపు ఫ్యూజు పెట్టి జాగ్రత్తగా చేశాను. 4.7 వోల్టులు.

రెండు తీగలూ ఒకే రోజు, ఒకే పైపులో, ఒకే మందంతో వేసినవి. పొడవు ఒకటే, పారే కరెంటు ఒకటే. కాబట్టి రెండింటిలోనూ ఒకే వోల్టేజీ పడాలి. పుస్తకంలో పట్టిక చూడనక్కరలేదు, ఒక తీగే రెండో తీగకు తూకపురాయి. తేడా 5.6 వోల్టులు. లోపం న్యూట్రల్‌లో ఉంది.

5.6 ÷ 11.7 = 0.48 ఓమ్. 5.6 × 11.7 = 66 వాట్లు.

మాస్టారికి ఇక్కడ ఒక సందేహం వచ్చింది. "మంచి వైరులో కూడా మిగిలిన 9.4 వోల్టులు పోతున్నాయి కదా. అంటే 110 వాట్లు. దాన్ని వదిలేసి 66 వాట్ల వెనక పడతావేం?" మంచి ప్రశ్న. ఆ 110 వాట్లు 64 మీటర్ల పొడవునా పరుచుకున్నాయి. మీటరుకు రెండు వాట్లు కూడా లేదు, గోడకు ఆ వేడి తెలియనైనా తెలియదు. 66 వాట్లు మాత్రం ఒకే అతుకులో ఉంటే, బొటనవేలంత చోటులో పాతకాలపు 60 వాట్ల బల్బును గాజు లేకుండా, టేపు చుట్టి పెట్టెలో పెట్టినట్టు. ఆయన పెన్సిలు పక్కన పెట్టి, "అయితే ముందు అది ఎక్కడుందో చూడు" అన్నారు.

పెట్టె

పడమటి గోడ మీద పైపు దారిలో అతుకు ఉండగలిగిన చోటు ఒకటే, సామాన్ల గది మూలలో ఉన్న చెక్క పెట్టె. కింద పాత వార్తాపత్రికల కట్టలు, గోనెసంచులు, పెళ్లి సామానుతో వచ్చిన గడ్డి ప్యాకింగు. ఆ గదిలోకి వెళ్లగానే నాకు వాసన తెలిసింది. వేడెక్కిన పాత ప్లాస్టిక్ వాసన, చేపల వాసనకు దగ్గరగా ఉంటుంది. ఇంట్లోవాళ్లు ఎలుక చచ్చిందనుకున్నారట.

మెయిన్ ఆపి, టెస్టరుతో రెండుసార్లు చూసుకుని, మూత తీశాను. మూత లోపలి వైపు గోధుమరంగు మచ్చ పడి ఉంది. ఫేజ్ అతుకు పింగాణీ కనెక్టరులో స్క్రూలతో బిగించి ఉంది, కొత్తదానిలా మెరుస్తోంది. దాని పక్కనే న్యూట్రల్. పెట్టెలో రెండో కనెక్టరుకు చోటు చాలక కాబోలు, చేత్తో మెలిపెట్టి టేపు చుట్టేశారు. న్యూట్రల్ కదా, దానికేం అన్న నిర్లక్ష్యం మా వృత్తిలో చాలా పాతది. న్యూట్రల్‌లో పారేది కూడా అంతే కరెంటు. ఒక్క ఆంపియరూ తక్కువ ఉండదు.

టేపు నల్లగా పెచ్చుకట్టి, ముట్టుకుంటే రాలిపోయింది. దాని కింద రెండు అల్యూమినియం కొసలు, వాటితో కలిపి మెలిపెట్టిన సన్నటి రాగి తీగ ఒకటి. ఆ రాగి తీగ సామాన్ల గది లైటు కోసం తరువాత ఎవరో కలిపినది. మెలిక మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొడి. అటూ ఇటూ జానెడు మేర వైరు తొడుగు గట్టిపడి గుడ్డు పెంకులా పగిలింది. వేలితో తిప్పితే మెలిక తిరిగింది.

ఆ తెల్లటి పొడి అల్యూమినియం తుప్పు పట్టిన ఫలితం. అల్యూమినియం గాలి తగలగానే పైన ఆక్సైడు పొర కప్పుకుంటుంది, ఆ పొర కరెంటును పోనివ్వదు. రాగితో కలిసి తేమ తగిలితే ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. వేడికి అల్యూమినియం రాగి కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, మెత్తని లోహం కావడంతో ఒత్తిడికి జరిగిపోతుంది. రోజూ పొద్దున్న గీజరు వేసినప్పుడు ఉబ్బడం, ఆపగానే ముడుచుకోవడం, దాంతో పట్టు వదులు కావడం. పట్టు వదులైతే నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే పట్టు ఇంకా వదులవుతుంది.

అమ్మగారు ద్వారం దగ్గర నిలబడి, "ఇరవై ఏళ్లుగా ఉంది కదయ్యా ఈ పెట్టె, ఏనాడూ ఏమీ కాలేదే" అన్నారు. నిజమే. ఇరవై ఏళ్లుగా దాని గుండా పోయింది నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్ల కరెంటు, ఒక ఆంపియరు. ఒక ఆంపియరుకు ఈ అతుకులో పుట్టే వేడి అర వాటు. గీజరు వచ్చాక కరెంటు 11.7 రెట్లయింది, వేడి మాత్రం 137 రెట్లయింది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని జేమ్స్ జౌల్ 1841లో ప్రచురించినప్పటి నుంచి ఇది అందరికీ తెలిసిన నియమమే. ఆషాఢంలో కొన్న గీజరు పాత అతుకును ఆరు నెలల్లో ఈ స్థితికి తెచ్చింది.

మరి కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్చు, ఎం.సి.బి., ఎందుకు పడలేదని మాస్టారి అబ్బాయి ఫోన్లో అడిగాడు. ఎం.సి.బి. చూసేది కరెంటును. ఈ దారిలో ఉన్నది 16 ఆంపియర్ల ఎం.సి.బి., పారింది 11.7. దాని దృష్టిలో అంతా క్షేమం. ఇంకా చెప్పాలంటే అతుకు చెడేకొద్దీ నిరోధం పెరిగి కరెంటు తగ్గుతుంది, ఎం.సి.బి. మరింత నిశ్చింతగా ఉంటుంది. లీకేజీని పట్టే ఆర్.సి.సి.బి.కి కూడా ఇది కనపడదు, ఎందుకంటే కరెంటు ఎక్కడికీ కారిపోవడం లేదు. ఈ రకం లోపాన్ని పట్టుకునేది వోల్టేజీ తేడా, లేకపోతే ముక్కు.

స్టెబిలైజరు పెట్టి ఉంటే ఏమయ్యేదో కూడా లెక్క కట్టి చూపాను. స్టెబిలైజరు శక్తిని పుట్టించదు. గీజరుకు 230 వోల్టులు అందించాలంటే 2970 వాట్లు కావాలి, అవన్నీ ఇదే 1.97 ఓమ్‌ల దారిగుండా రావాలి. అప్పుడు స్టెబిలైజరు లోపలికి వచ్చే వోల్టేజీ 202కు పడిపోయి, కరెంటు 14.7 ఆంపియర్లకు పెరుగుతుంది. స్టెబిలైజరు సొంత నష్టాన్ని వదిలేసినా, అతుకులో వేడి 66 వాట్ల నుంచి 104 వాట్లకు చేరుతుంది. నీళ్లు బాగా వేడెక్కేవి, అందరూ సంతోషించేవారు, ఆ కాగితాల కట్టల మీద పెట్టె మాత్రం ఇంకా తొందరగా కాలేది. ఎం.సి.బి. అప్పుడు కూడా పడేది కాదు.

ఐదు వోల్టులేనా?

కాలిన భాగాన్ని కోసేసి, మెరిసే లోహం కనిపించేదాకా తొడుగు ఒలిచాను. అల్యూమినియం కోసమే చేసిన గొట్టం ముక్కలో ఆక్సైడు పట్టకుండా లేపనం పూసి, రెండు కొసలనూ క్రింపింగు చేశాను, అంటే పనిముట్టుతో గట్టిగా నొక్కి బిగించాను. రాగి తీగను అందులోంచి తీసేసి, గది లైటుకు వేరే దారి ఇచ్చాను. పెట్టె కింది కాగితాలు, గోనెలు అన్నీ బయటికి పంపించాను. తరువాత లోడు పెట్టి అతుకుకు అటూ ఇటూ కొలిస్తే 0.06 వోల్టు. అప్పుడు పారుతున్నది 12 ఆంపియర్లు, అంటే అతుకు నిరోధం 0.005 ఓమ్, పుట్టే వేడి వాటు కంటే తక్కువ.

గీజరు దగ్గర ఇప్పుడు 213 వోల్టులు. మాస్టారి ముఖంలో నిరాశ కనిపించింది. "ఇంత చేస్తే ఐదు వోల్టులేనా పెరిగింది?" అవును, ఐదే. వాట్లు 2434 నుంచి 2556 అయ్యాయి. 15 లీటర్ల బకెట్టును 15 డిగ్రీలు వేడి చేయడానికి 387 సెకన్లు పట్టేది, ఇప్పుడు 368. ఇరవై సెకన్ల లాభం చూసి ఎవరూ సంతోషించరు. కానీ ఆ రోజు చేసిన పని నీళ్ల కోసం కాదు. కరెంటు బిల్లులోనూ పెద్ద తేడా రాదు, గీజరు రోజుకు గంట నడిచినా మీటరు తరువాత వృథా అయినదంతా కలిపి నెలకు ఆరు యూనిట్లకు కాస్త పైన. ఇలాంటి లోపం డబ్బు రూపంలో హెచ్చరించదు కాబట్టే ప్రమాదం.

నీళ్ల కోసం చేయవలసింది వేరే ఉంది, ఆ 32 మీటర్ల అల్యూమినియం వైరును మార్చడం. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే 64 మీటర్లకు నిరోధం 0.28, వేడెక్కాక 0.29. అంటే 1.28 ఉన్నచోట 0.29. 6 మందం వేయమని మాస్టారు అడిగారు. లెక్క వేస్తే గీజరు దగ్గర ఇంకొక్క వోల్టు మాత్రమే కలిసివస్తుంది, ఖర్చు చాలా పెరుగుతుంది. వద్దన్నాను.

అయిదు రోజుల తరువాత ఇద్దరు మనుషులతో వెళ్లి కొత్త పైపులో కొత్త వైరు లాగాము. దారిలో ఎక్కడా అతుకు లేకుండా ఒకే ముక్క. గీజరుకు ఎర్త్ వైరు పేరుకే ఉంది, ఎర్త్ పిట్ దాకా సరిచేసి, స్నానాలగది దారికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టాను. అతుకును అది పట్టలేదు గాని, తడి చేతుల మనిషిని కాపాడేది అదే.

గీజరు వేసి కొలిచాము. మీటరు దగ్గర 225.7, పెరటి బోర్డులో 222, గీజరు దగ్గర 219 వోల్టులు, 12.3 ఆంపియర్లు. 219 × 12.3 = 2694 వాట్లు. ట్యూబులైటు వణకలేదు. మాస్టారు తన మీటరు కూడా తెప్పించి మళ్లీ కొలిచారు, పాతికేళ్ల కిందట బడి ప్రయోగశాల కోసం సొంత డబ్బుతో కొన్న ముల్లు మీటరు. అది 220 దగ్గర నిలిచింది. "ఈ ఓమ్‌లకు పేరిచ్చిన జార్జ్ ఓమ్ కూడా జర్మనీలోని కొలోన్‌లో పిల్లలకు పాఠాలు చెప్పిన మాస్టారేరా. 1827లో పుస్తకం వేస్తే మొదట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ" అన్నారు ముల్లు వంక చూస్తూనే.

వచ్చేముందు పెరటి బోర్డు తలుపు లోపల ఒక కాగితం అతికించాను. నేను పనిచేసిన ప్రతి ఇంట్లో ఇది చేస్తాను. తేదీ, ఖాళీ వోల్టేజీ, లోడు మీద మూడు చోట్ల వోల్టేజీ, కరెంటు, మధ్య వైరు నిరోధం 0.29 ఓమ్. రేపు వచ్చే వైర్‌మన్ నేనే కానక్కరలేదు, సరఫరా వోల్టేజీ ఆ రోజు ఎంతైనా ఉండవచ్చు. రెండు చోట్ల కొలిచి, తేడాను కరెంటుతో భాగిస్తే అదే అంకె రావాలి. 0.5 వస్తే ఎక్కడో స్క్రూ వదులైందన్నమాట.

ఈ డిసెంబరులో ఆ వీధికి వేరే పని మీద వెళ్లినప్పుడు గీజరు వేయించి చూశాను. సరఫరా ఆ రోజు 227 మాత్రమే ఉంది. మీటరు బోర్డుకూ పెరటి బోర్డుకూ తేడా 3.5 వోల్టులు, కరెంటు 12.1. భాగిస్తే 0.29. కాగితం మీద కొత్త తేదీ వేసి, పాత అంకె పక్కనే అదే అంకె రాసి వచ్చాను.